కంప్యూటర్ల మార్పిడి: భారం ఎవరిది?

కార్యాలయాలలోని కంప్యూటర్లను నడిపించే మూల ప్రోగ్రామును, అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను, మార్చవలెనా వద్దా అన్న ప్రశ్న నేడు మన ముందున్నది. విండోస్ 10కు దానిని తయారు చేసిన మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును నిలిపివేసింది. 2021 అక్టోబరులో తాను విడుదల చేసిన విండోస్ 11కు మారవలసినదని ఆ సంస్థ చెబుతున్నది. ఈ విషయమై ఉద్యోగులలో రెండు అభిప్రాయాలు వినవస్తున్నవి. నడుస్తున్న యంత్రాన్ని కదపడమెందుకని కొందరు అంటున్నారు. కొత్తది వస్తే కష్టాలన్నీ తీరుతాయని మరికొందరు ఆశిస్తున్నారు. రెండింటిలోను కొంత సత్యమున్నది. రెండింటిలోను ఒక ముఖ్య విషయం మరుగున పడుతున్నది. మార్పిడి అనేది కొనుగోలు మాత్రమే కాదు, అది ఒక పని. ఆ పనిని చేసేది ఉద్యోగి. దాని తప్పొప్పులకు జవాబు చెప్పుకొనేదీ ఉద్యోగే.

మొదటి అభిప్రాయాన్ని పరిశీలిద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్ స్థానం రైలుమార్గం వంటిది. టిక్కెట్టు ఇచ్చే ప్రోగ్రామైనా, సేవింగ్స్ బ్యాంకు ఖాతా చూపే ప్రోగ్రామైనా దాని మీదనే నడవాలి. ఆ మార్గంలో ఎప్పటికప్పుడు బయటపడే పగుళ్లను పూడ్చేందుకు తయారీదారు పంపే సవరణలనే మద్దతు అంటున్నాము. మద్దతు నిలిచిపోవడమంటే ఆ సెక్షనులో కీమన్ గస్తీ ఎత్తివేయడమే. మరునాడే రైలు పట్టాలు తప్పదు. నెలలు గడిచినా ఏమీ జరగకపోవచ్చును. కాని పగులు పుట్టిననాడు దానిని చూచేవాడు ఉండడు. దొంగ మాత్రం దాని కోసమే వెదుకుతూ ఉంటాడు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే విషపు ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి, కంప్యూటర్లలోని సమాచారాన్ని తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో 236 ఆరోగ్య ట్రస్టులకుగాను కనీసం 81 దెబ్బతిన్నవని, సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసు నివేదించింది. జర్మనీ రైల్వే స్టేషన్లలో రైళ్ల రాకపోకలు చూపే బోర్డుల మీద ఆ బెదిరింపు ప్రత్యక్షమయింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడినవి. ప్రజల సొమ్మును, పొదుపు ఖాతాలను, ప్రయాణికుల వివరాలను చూచే యంత్రాలను సవరణలు లేకుండా నెట్‌వర్కుకు తగిలించి ఉంచడం బాధ్యతాయుతమైన పని కాజాలదు. కనుక, నడుస్తున్నదానిని అట్లే నడవనిద్దామనే వాదాన్ని మేము అంగీకరించలేము.

అయితే అదే ఉదంతంలో రెండవ పాఠం కూడా ఉన్నది. వాన్నాక్రైకి ద్వారమైన లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే, దాడికి రెండు నెలల ముందే విడుదల చేసింది. దెబ్బతిన్నవాటిలో అత్యధిక భాగం ఆనాటికి మద్దతు ఉన్న విండోస్ 7 యంత్రాలే. అనగా మద్దతు ఉన్నది, మందు ఉన్నది, వేసినవారు లేరు. తాజా సవరణలన్నీ స్వీకరిస్తున్న యంత్రాలైనా క్షేమమేనా అంటే అదీ చెప్పలేము. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన సవరణ ఒక్కటి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను నిలిపివేసింది. మన దేశంలో విమాన ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆనాడు ఆదుకొన్నది కలము, కాగితము, వాటిని వాడగలిగిన ఉద్యోగులు. ఇల్లు అలుకగానే పండుగ కాదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక కొత్తదంటే మేలైనదే అన్న వాదం. పాత ఒక రోత, కొత్త ఒక వింత అన్నట్లుగా సాగే ఈ వాదానికి లెక్కలు చూపవలసి ఉన్నది. అర్హత గల విండోస్ 10 యంత్రాలకు విండోస్ 11 ఉచితమేనని సంస్థ చెబుతున్నది. ఆ అర్హతలోనే అసలు మెలిక ఉన్నది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే, కొద్ది మినహాయింపులతో, ఎనిమిదవ తరానిదో ఆ తరువాతిదో కావాలి. 32 బిట్ల యంత్రాలకు అందులో స్థానమే లేదు. ఏ లోపము లేక పనిచేస్తున్న యంత్రం కూడా ఈ కొలతలకు సరిపోక మూలపడుతుంది. ఈ కారణంగా ప్రపంచంలో సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలో చేరగలవని కెనాలిస్ అనే పరిశోధనా సంస్థ 2023లో అంచనా వేసింది.

యంత్రానికి తగిలించిన పరికరాల సంగతి వేరుగా చూడాలి. పాస్‌బుక్ ప్రింటరు, బార్‌కోడ్ రీడరు, తూకపు యంత్రం, వేలిముద్ర పరికరం — ఇవన్నీ పనిచేయాలంటే ఒక్కొక్కదానికి తగిన డ్రైవరు ప్రోగ్రాము కావాలి. 32 బిట్ల కోసం వ్రాసిన డ్రైవరు 64 బిట్ల సిస్టమ్‌పై పనిచేయదు. కొత్త డ్రైవరు దొరకని పాత ప్రింటరు ఒక్కటి చాలు, కౌంటరు నిలిచిపోవడానికి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లు కాకూడదు గదా!

మార్పిడిని వాయిదా వేయడం కూడా ఉచితం కాదు. విండోస్ 10కు అదనపు భద్రతా సవరణలు కావాలనుకొనే సంస్థలకు మొదటి సంవత్సరం యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు చొప్పున మూడు సంవత్సరాల వరకు ధర నిర్ణయించారు. మూడేళ్లకు ఒక్కొక్క యంత్రానికి 427 డాలర్లు. తయారీదారు ఒక్కడే అయినప్పుడు గడువు అతనిదే, ధర అతనిదే. అందువలననే ఇతర మార్గాలను కూడా విస్మరించరాదని మా అభిప్రాయం. కేరళ ప్రభుత్వ పాఠశాలలు లినక్స్ మీద నడుస్తున్నవి. మన ప్రభుత్వరంగ సంస్థ సీ-డాక్ 2007లోనే బాస్ అనే లినక్స్ వ్యవస్థను విడుదల చేసింది. ఉత్తరాలు వ్రాయడానికి, జాబితాలు తయారు చేయడానికి, బ్రౌజరులో నడిచే పనులకు వాడే పాత యంత్రాలను ఆ విధంగా మరికొన్నేళ్లు వినియోగించుకొనవచ్చును.

పాతదైనంత మాత్రాన ఏ వ్యవస్థా పనికిమాలినది కాదని రైల్వే సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. 'కాన్సర్ట్' రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మన సికిందరాబాదులోనే మొదట అమలయింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలను ఒక్కటి చేసింది. రైల్వేల సొంత సంస్థ క్రిస్ ఆ వ్యవస్థకు మరమ్మతులు చేస్తూ, యంత్రాలు మారుస్తూ మూడు దశాబ్దాలు నిలబెట్టింది. నిమిషానికి సుమారు 32,000 టిక్కెట్లు ఇవ్వగల సామర్థ్యాన్ని లక్షన్నరకు పెంచే కొత్త వ్యవస్థను రైల్వే మంత్రిత్వశాఖ 2025లో ప్రకటించిననాటికి కూడా రిజర్వేషన్ల భారమంతా పాతదే మోస్తున్నది. వ్యవస్థ ఆయుర్దాయాన్ని నిర్ణయించేది దాని వయస్సు కాదు, దాని సంరక్షణ.

తపాలా శాఖలో జరిగిన మార్పిడి కూడా మనకు ఉదాహరణమే. మైసూరులోని శాఖాపరమైన సాంకేతిక కేంద్రం రూపొందించిన కొత్త అప్లికేషన్‌ను 2025 మే, జూన్ నెలలలో కర్ణాటక సర్కిల్‌లో ముందుగా ప్రయోగించి, ఆగస్టు 4 నాటికి దేశమంతటా లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులలో అమలు చేశారు. ఆయా సర్కిళ్లలో ఒక రోజు లావాదేవీలు నిలిపివేశారు. నాలుగున్నర లక్షల మందికి పైగా ఉద్యోగులకు శిక్షణ ఇచ్చినట్లు ప్రభుత్వం ప్రకటించింది. దీనిని బట్టి తేలుతున్నదేమిటి? మార్పిడికి సమయం కావాలని, ముందస్తు ప్రయోగం కావాలని, శిక్షణ కావాలని యాజమాన్యమే అంగీకరించినట్లయినది. అప్లికేషన్‌కు అవసరమైనది ఆపరేటింగ్ సిస్టమ్‌కు అవసరం కాదా? ఒక సబ్ పోస్టాఫీసులో సాయంకాలం యంత్రాలు మార్చి, మరునాటి ఉదయం యథాప్రకారం స్పీడ్ పోస్టు బుకింగులు, సేవింగ్స్ బ్యాంకు జమలు, భీమా ప్రీమియములు పూర్తి కావాలనడం ఎంతవరకు సమంజసం? తెర మీద మీట ఒకటి స్థానం మారినా చేతి వేగం తగ్గుతుంది. క్యూలోని ప్రజలు విసుక్కొనేది మైక్రోసాఫ్ట్‌ను కాదు, ఎదురుగా కూర్చున్న పోస్టల్ అసిస్టెంటును, బుకింగ్ క్లర్కును.

విసుగుతో పోతే పరవాలేదు. అంతకు మించిన ప్రమాదమున్నది. బ్రిటన్ పోస్టాఫీసులలో 1999లో ప్రవేశపెట్టిన హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థ లేని లోట్లను ఖాతాలలో ఉన్నట్లు చూపింది. యంత్రం తప్పు చేయదని యాజమాన్యం భీష్మించింది. 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు దొంగతనము, తప్పుడు లెక్కలు మొదలైన నేరాల కింద అన్యాయంగా శిక్షింపబడ్డారు. కొందరు జైలుకు పోయారు, కొందరు ఆస్తులమ్మి లేని లోటును కట్టారు. ఆ వ్యవస్థలో లోపాలున్నవని లండన్ హైకోర్టు 2019 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయవలసి వచ్చింది. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చునని 2025 జులైలో వెలువడిన విచారణ నివేదిక పేర్కొన్నది. పోయిన ప్రాణాలను ఏ చట్టం తిరిగి తేగలదు?

అది పరదేశపు కథ అని ఊరుకొనడానికి వీలులేదు. నిర్లక్ష్యం వలన కలిగిన నష్టాన్ని ఉద్యోగి జీతం నుండి రాబట్టే శిక్ష 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమావళిలోను, 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ నియమావళిలోను ఉన్నది. షార్టేజి అన్న మాట వింటే కౌంటరులో కూర్చున్నవాని గుండె ఎందుకు గుభేలుమంటుందో మన పాఠకులకు తెలియనిది కాదు. కొత్త సిస్టమ్ మీద పాత ప్రోగ్రాము తడబడిన రోజున లోటు చూపితే, అది యంత్రం తప్పు కాదని రుజువు చేయవలసిన బాధ్యత యాజమాన్యానిది కావాలి. తన నిర్దోషిత్వాన్ని ఉద్యోగి రుజువు చేసుకొనవలసిన దుస్థితి కలగరాదు.

కనుక మా అభిప్రాయం స్పష్టం. నెట్‌వర్కులో ఉండి ప్రజల సొమ్మును చూచే ప్రతి యంత్రము మద్దతు గల సిస్టమ్‌కు మారవలసిందే. అది విండోస్ 11 కావచ్చును, మరొకటి కావచ్చును. హంగుల కోసం, మోజు కోసం మారనక్కరలేదు. భద్రత కోసం మారాలి. అయితే ఆ మార్పిడి సక్రమంగా జరగాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. కొత్త యంత్రాల ఖర్చు పూర్తిగా శాఖలే భరించాలి. ప్రతి డివిజనులో ఒకటి రెండు కార్యాలయాలలో, తగిలించిన పరికరాలన్నింటితో సహా, ముందుగా ప్రయోగించి చూడాలి. శిక్షణ డ్యూటీ వేళలలోనే ఇవ్వాలి; సెలవు రోజున కాదు. మార్పిడి జరిగే వారాలలో లక్ష్యాలను సడలించాలి. సవరణలను ఎప్పటికప్పుడు వేసే సిబ్బందిని నియమించాలి. కౌంటరు పనిలో ఉన్నవారి నెత్తిన అదనంగా రుద్దరాదు. యంత్రం నిలిచిననాడు చేతితో పని సాగించే ఏర్పాటును, అందుకు కావలసిన ఫారాలను సిద్ధంగా ఉంచాలి. సాంకేతిక విచారణ పూర్తి కాకుండా జీతాల నుండి వసూళ్లు చేయరాదు. మూలపడిన యంత్రాలను ముందు ఇతర పనులకు వినియోగించి, ఆ తరువాతనే 2022 నాటి ఇ-వ్యర్థాల నియమావళి ప్రకారం అధీకృత సంస్థలకు అప్పగించాలి.

సోదర సోదరీమణులకు కూడా ఒక విజ్ఞప్తి. కొత్త సిస్టమ్ వచ్చిన తరువాత కనిపించే ప్రతి లోపాన్ని తేదీతో, సమయంతో వ్రాసి ఉంచుకొనండి. పై అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి ప్రతిని భద్రపరచండి. పని ఒత్తిడి ఎంత ఉన్నా మీ పాస్‌వర్డును మరొకరికి ఇవ్వకండి, మరొకరి పాస్‌వర్డుతో పని చేయకండి. రోజువారీ లెక్క సరిపోనినాడు చేతి డబ్బుతో సరిపుచ్చి ఊరుకొనకండి. బ్రిటన్‌లో పలువురు మొదట చేసినది అదే. బ్రాంచి యూనియన్‌కు అదే రోజున తెలియజేయండి. రేపు విచారణలో మీకు తోడు నిలిచేవి ఆ కాగితము, ఆ యూనియను మాత్రమే.

యంత్రాన్ని మనం వద్దనడం లేదు. అది మారుతున్నప్పుడు దాని భారం జీతగాని మీదకు జారకూడదని మాత్రమే కోరుతున్నాము. ఈ షరతులు నెరవేరిన చోట మార్పిడి ప్రజలకు, ఉద్యోగులకు కూడా లాభమే. నెరవేరని చోట వాటిని సాధించుకొనడమే మన ముందున్న కర్తవ్యం.