సామాజిక మాధ్యమాలు – సేవా సంస్థలు

ఒకప్పుడు ఊరిలో ఒక మంచి కార్యం తలపెట్టినవారు ముందుగా చేసే పని టముకు వేయించడం. పట్టణమైతే రిక్షాకు మైకు కట్టించేవారు; కరపత్రాలు పంచేవారు; సినిమా హాలులో విశ్రాంతి సమయానికి స్లైడు వేయించేవారు. అనాథాశ్రమానికి బియ్యం కావలసినా, కంటి వైద్య శిబిరానికి రోగులు రావలసినా, ఆ మైకు వినబడినంత దూరమే ఆ సంస్థకు లోకం. నేడు ఆ మైకు ప్రతివారి జేబులోనూ ఉన్నది. ఫేస్‌బుక్ 2004లోనూ, ట్విట్టర్ 2006లోనూ, వాట్సాప్ 2009లోనూ పుట్టినవి. పట్టుమని పాతికేళ్లు నిండని ఈ సాధనాలు సేవా సంస్థల నడకనే మార్చివేశాయి. ఈ మార్పు వరమా, శాపమా అని తేల్చడం మా ఉద్దేశం కాదు. ఆ చర్చను వక్తృత్వపు పోటీలకు వదలివేద్దాం. ఈ మైకును చేతబట్టినవారు దానిని దేనికి వాడుతున్నారు, ఎవరి కోసం వాడుతున్నారు అన్నదే మా విచారం.

గత వేసవిలో మా విద్యార్థుల వాట్సాప్ బృందానికి ఒక సందేశం వచ్చింది. ఆరేళ్ల బాలునికి థలసీమియా వ్యాధి. ఓ నెగెటివ్ రక్తం అత్యవసరం. దయచేసి అందరికీ పంపగలరు అని. క్రింద ఒక ఫోన్ నంబరు. మేము పంపాము. మాలో నలభై మంది తలా నాలుగు బృందాలకు పంపి, ఒక పుణ్యకార్యం చేశామన్న తృప్తితో నిద్రపోయాము. మరునాడు ఒక్క విద్యార్థి మాత్రం ఆ నంబరుకు ఫోన్ చేశాడు. "అంకుల్, నాది ఓ నెగెటివ్. ఎక్కడికి రమ్మంటారు?" అని అడిగాడు. అవతలి తండ్రి ఎంతో మర్యాదగా జవాబిచ్చాడట. "అది ఏడాదిన్నర కిందటి సంగతి బేటా. అవసరమైన ఆ రాత్రి ముగ్గురే చేశారు. అప్పటినుంచి మాత్రం రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు."

ఈ మాట మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. సందేశంలో అబద్ధం లేదు. పంపినవారిలో దురుద్దేశం లేదు. లేనిదల్లా ఒక తేదీ.

రక్తదానం విషయంలో తేదీకి ఎంత విలువ ఉన్నదో కొంచెం వివరించవలసి ఉన్నది. థలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. అది ఒక రోజుతో తీరే అవసరం కాదు. ఎర్రకణాలను శీతలంలో ఆరు వారాలకు మించి నిలువ ఉంచరు. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. మన దేశపు నియమాల ప్రకారం పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి మాత్రమే రక్తం ఇవ్వవచ్చు. అనగా ఒకే రోజున వందమంది ఉరికివచ్చి తరువాత మూడు నెలలు ఎవరూ రాకపోతే ఆ బిడ్డకు ఒరిగేది స్వల్పం. కావలసింది జనసమ్మర్దం కాదు, వంతు. హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తున్న థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 2017 అక్టోబరు 1న, స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, ఫేస్‌బుక్ మన దేశంలో రక్తదాతల నమోదు ప్రారంభించింది. దగ్గరలో అవసరం ఏర్పడితే, నమోదైనవారికి కబురు అందుతుంది. ఇది మంచి వాడకం. కేక వేయడానికీ, పేరు పెట్టి పిలవడానికీ ఎంత భేదమో, మన ఫార్వర్డులకూ దీనికీ అంత భేదం.

ఇక కేకల సంగతి. 2014 వేసవిలో అమెరికాలో ఒక వింత వేడుక మొదలైంది. బకెట్టెడు మంచునీళ్లు నెత్తిన కుమ్మరించుకోవాలి, ఆ దృశ్యాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాలి, మరి ముగ్గురిని సవాలు చేయాలి. కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా నశించే ఏ.ఎల్.ఎస్. అనే వ్యాధిపై పోరాడే సంస్థకు విరాళం కోసం ఇదంతా. చూసేవారికి పిల్లచేష్టగా తోచిన ఈ పనివల్ల ఆ ఒక్క సంస్థకే కొద్ది వారాలలో 11 కోట్ల 50 లక్షల డాలర్లు చేరాయి. ఆ ధనసహాయంతో సాగిన పరిశోధనలో 2016లో ఆ వ్యాధితో సంబంధమున్న ఒక జన్యువును గుర్తించారు కూడా. కనుక నవ్వి ఊరుకోవడానికి వీలులేదు.

ఆ వేడుక మన దేశానికి రాగానే, త్రాగునీటికి బిందెలు వరుసలో పెట్టే దేశంలో బకెట్లు కుమ్మరించడమా అని సహజంగానే ప్రశ్న పుట్టింది. దానికి సమాధానం మన హైదరాబాదు నుంచే వచ్చింది. పాత్రికేయురాలు మంజులత కళానిధి అదే ఆగస్టులో మంచునీటికి బదులు బియ్యం అన్నారు. ఒక బకెట్టెడు బియ్యం ఇరుగుపొరుగున ఉన్న పేదవారికి ఇవ్వండి, ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టండి, మరొకరిని ప్రోత్సహించండి అని పిలుపునిచ్చారు. కొద్ది రోజులలోనే ఆ పిలుపు దేశమంతటా, దేశం దాటి కూడా వ్యాపించింది. నీరు వృథా కాలేదు. మధ్యలో సంస్థ లేదు, ఖర్చు లేదు. ఇచ్చిన గింజ నేరుగా పొయ్యి మీదకు పోయింది. తెలుగునేల గర్వించదగిన ఆలోచన అది, సందేహం లేదు.

కాని, ఆ ఫోటో అన్న మాట దగ్గరే మాకు కొంచెం అభ్యంతరం. మంచునీళ్ల వేడుకలో తడిసింది దాత. నవ్వులపాలైనా దాతే అయ్యాడు. బియ్యం విషయంలో ఫోటోలోకి వచ్చేది పుచ్చుకునేవాడు. కుడిచేత ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదని మన పెద్దలనేవారు. 2020 లాక్‌డౌన్ రోజులలో ఒక్క సరుకుల సంచిని ఆరు చేతులు పట్టుకొని, ఆ చివర తలదించుకున్న ఒక వృద్ధురాలు ఉన్న చిత్రాలు ఎన్ని చూశామో లెక్కలేదు. ఆ వృద్ధురాలి మనుమడికి కూడా ఫోన్ ఉంటుందనీ, ఆ చిత్రం అతని తరగతి మిత్రులందరికీ చేరుతుందనీ ఆ ఆరు చేతులలో ఒక్కదానికీ తోచలేదు! దాతలు రుజువు అడుగుతారు, ఏం చేయమంటారు అని సేవా సంస్థలవారు మమ్మల్ని ప్రశ్నించవచ్చు. వారి ఇబ్బంది నిజమే. రుజువు కావలసిందే. అయితే బియ్యం కొన్న బిల్లు రుజువు కాదా? సంచుల గుట్ట రుజువు కాదా? సంవత్సరాంతపు జమాఖర్చుల పట్టిక రుజువు కాదా? వాటిని ఫేస్‌బుక్‌లో పెట్టేవారు చాల అరుదు, ఎందుకంటే వాటికి లైకులు రావు. అన్షు గుప్తా 1999లో స్థాపించిన గూంజ్ సంస్థ ఎక్కడెక్కడి పాత బట్టలనూ సేకరించి, ఊరి బావి త్రవ్వుకున్నవారికీ, దారి వేసుకున్నవారికీ శ్రమకు ప్రతిఫలంగా అందిస్తుంది. అక్కడ పుచ్చుకునేవాడు చేయి చాచినట్లు కాదు. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం లభించడంలో ఆశ్చర్యమేముంది?

లైకుల మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. 2013లో యునిసెఫ్ స్వీడన్ శాఖ సాహసించి ఒక ప్రచారం చేసింది. మా పుటను మెచ్చుకున్నంత మాత్రాన ఒక్క బిడ్డకూ పోలియో టీకా అందదు, టీకాకు డబ్బు కావాలి అన్నది దాని సారాంశం. మరుసటి ఏడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం కూడా ఈ దారినే పోతుంది. నలుగురి ఎదుట చిన్నపాటి మద్దతు ప్రకటించినవారికంటే, ఎవరూ చూడకుండా ప్రకటించినవారే తరువాత అసలు సాయానికి ఎక్కువగా ముందుకు వచ్చారట. పైగా ఈ వేదికలు ధర్మసత్రాలు కావు, వ్యాపార సంస్థలు. ఒక సంస్థ పుటను పదివేలమంది అనుసరిస్తున్నా, అది వ్రాసిన మాట అందులో కొద్దిమందికే కనబడుతుంది. మిగిలినవారికి చేరాలంటే రుసుము చెల్లించాలి. పేదల పేరిట వచ్చిన సొమ్ములో కొంత ఇలా ప్రకటనలకు పోవడం చిన్న సంస్థలకు తలకు మించిన భారం.

నిజాయితీగా చెప్పాలంటే, ఈ మాధ్యమాల మీద మాకు నమ్మకం కలిగించినది 2021 వేసవి. కరోనా రెండవ ఉధృతిలో ప్రాణవాయువు సిలిండర్ల కోసం, ఆసుపత్రి మంచాల కోసం జనం ట్విట్టర్‌లో మొరపెట్టుకున్నప్పుడు, ముక్కూ ముఖమూ ఎరుగని యువకులు ఇళ్లలో కూర్చుని ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేసి, ఉన్నది నిజమో కాదో కనుక్కొని, ఏ గంటకు విచారించారో ఆ గంటతో సహా వ్రాసి పెట్టారు. వారి వ్రాతలలో ఫోటోలు లేవు. గడియారం ఉన్నది.

ఆ తండ్రి మాట విన్న తరువాత మా బృందంలో ఒక నియమం పెట్టుకున్నాము. తేదీ, గంట, ఆసుపత్రి పేరు లేని విన్నపాన్ని పంపరాదు. పంపేముందు ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. అవసరం తీరగానే, తీరిందన్న కబురును కూడా అంతమందికీ పంపాలి. నెలలో నాలుగయిదు విన్నపాలకు మించి నిలవడం లేదు. నిలిచినవాటికి మనుషులు దొరుకుతున్నారు. ఈ వ్యాసం అచ్చుకు పంపుతున్న రోజున ఆ పాత సందేశం, ఆరేళ్ల బాలునిది, మళ్లీ మా బృందంలోకి వచ్చింది. ఈసారి పంపినవారు మా అధ్యాపకులలో ఒకరు.