బట్టీ ఆరాక బతుకుదెరువు

మార్చి, ఏప్రిల్‌ నెలల్లో ఉట్నూర్‌ ఏజెన్సీలో తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు కనిపిస్తారు. రాత్రి రాలిన పువ్వును పొద్దెక్కకముందే ఏరాలి. గోండులకు అది దేవుడి కార్యానికి కావలసిన పువ్వు, కరువు రోజుల్లో కడుపు నింపిన తిండి. అదే పువ్వో, అంగట్లో దొరికే నల్లబెల్లమో పులిసి అమ్మకానికి సారా బట్టీ ఎక్కితే మాత్రం కేసే.

ఆ కేసుల్లో తల్లులూ ఉంటారు. భూమి లేక, మగదిక్కు లేక ఇల్లు నెట్టుకొచ్చే ఆడమనిషికి ఇంటి వెనకే సాగే పని అది. పిల్లల్ని కనిపెట్టుకుంటూ చేసుకోవచ్చు, వారం తిరక్కుండా డబ్బు చేతికొస్తుంది. ఎక్సైజ్‌ వాళ్లు వచ్చి బెల్లం పానకం పారబోస్తారు, తహసీల్దార్‌ ముందు బైండోవర్‌ చేస్తారు. ఇక చేయనని ఆమె వేలిముద్ర వేస్తుంది. ఆ మాటలో అబద్ధం ఉండదు. బడి పుస్తకాలు, విత్తనాలు, సంఘం అప్పు కిస్తు కలిసి మీదపడే జూన్‌లోనే దానికి పరీక్ష.

మాట తప్పితే జైలుకూ వెళ్లాల్సి రావచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితోపాటు జైల్లో ఉండొచ్చని, ఆంధ్రప్రదేశ్‌ ప్రతివాదిగా ఉన్న కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు దాటినవాళ్లు ఏ చుట్టాల పంచకో చేరాలి.

1992లో దూబగుంట ఊరి తల్లులు సారా మీద తిరగబడ్డారు. 1995లో మద్యనిషేధం వచ్చింది. సారా వద్దన్న తల్లీ, కాచిన తల్లీ ఇద్దరూ పిల్లల ముఖం చూసే ఆ పనికి దిగారు. రెండో ఆమెను తిట్టడం తేలిక.

గుడుంబా (నాటుసారా) కాయడం మానేసినవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం 2 లక్షల రూపాయల చొప్పున పునరావాస సాయం ఇచ్చింది. మేలే. కానీ గేదెను కొనిస్తే సరిపోదు, పాలు కొనేవాడూ ఉండాలి. దారి ఉట్నూర్‌లోనే ఉంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అండతో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వును శుభ్రం చేసి, వేయించి, బెల్లం, పల్లీలు, నువ్వులు కలిపి లడ్డూలు కడుతోంది. రక్తహీనత తగ్గేందుకు అవి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందాయి. ఆ సంఘం సారా మాన్పించడానికి పుట్టింది కాదు. అయినా అది నేర్పే పాఠం ఒకటుంది: సరుకు కొనే చెయ్యి ఖాయమైతే పని నిలుస్తుంది.

పూచీకత్తు రాయించుకునే తహసీల్దార్‌ కార్యాలయమూ, ఉపాధి చూపగల ఐటీడీఏ కార్యాలయమూ ఉట్నూర్‌లోనే ఉన్నాయి. మొదటి గడపలో వేలిముద్ర వేసిన తల్లి పేరు ఆ వారంలోనే రెండో గడపకు పంపాలి, గిరిజనేతర మహిళైతే మహిళా సంఘాల మండల సమాఖ్యకు పంపాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.