కుక్కకు గొలుసు, కెమెరాకు ఓపిక

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు, తెల్లారకముందే మా కుక్క రాజును వెంటబెట్టుకుని ఉరవకొండ వైపు బీళ్ల మీదికి పోవడం నాకు అలవాటు. ఈసారి మెడలో స్నేహితుని దగ్గర అరువు తెచ్చిన కెమెరా కూడా ఉంది. మంచు ఇంకా విడవలేదు. నల్లరేగడిలో పప్పుశెనగ చేను పక్కన కృష్ణజింకల మంద. మెలికల కొమ్ముల పోతు ఒకటి తలెత్తి చూసింది. నేను కెమెరా ఎత్తేలోపలే రాజు దూకాడు.

మంద చెదిరిపోయింది. పిల్ల ఒకటి వెనకబడింది. నేను గొంతు పోయేలా అరుస్తూ పరుగెత్తితే తప్ప కుక్క ఆగలేదు. పిల్ల ఎట్లో తప్పించుకుంది. నాకు దక్కిన ఫోటో దుమ్ము!

తప్పు కుక్కది కాదు, నాది. తరమడం దాని గుణం. చెట్టూ చేమా లేని మైదానంలో జింకకు కళ్లూ కాళ్లే రక్ష. కరువు నేలలో తిన్న పిడికెడు గడ్డి బలం ఒక్క పరుగుతో కరిగిపోతుంది. ఊరకుక్కలు పిల్లల్ని చంపడమే కాదు, వాటి రోగాలు తోడేళ్లకూ నక్కలకూ అంటుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడం ఒక్కటే వేట కాదు, తరమడమూ వేటే. కాబట్టి నా అభిప్రాయం ఇది: షికారుకు పోతే కుక్కకు గొలుసు వేయాలి, ఫోటోకు పోతే దాన్ని ఇంటి దగ్గరే కట్టేసి రావాలి.

ఈ మాట ఇంట్లో చెబితే నాయన నవ్వలేదు. "ఫోటో నీకు, మేత దానికి, అప్పు నాకా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ప్రకృతి ప్రేమ గురించి ఉపన్యాసాలివ్వడం నాకు చేతకాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో మొలిచిన ప్రతి మొక్కా రైతుకు లెక్కే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అట్లాంటప్పుడు దాని మేత ఖర్చు కూడా రాష్ట్రానిదే కావద్దా? నష్టపరిహారం తిరగకుండా, సకాలంలో రైతు చేతికి అందితే చేలో కుక్కల్ని ఉసిగొల్పే అవసరం తగ్గుతుంది.

జింకలు చేలలోకి ఎందుకొస్తున్నాయో కూడా ఆలోచించాలి. గడ్డి బీళ్లను మనం 'బంజరు' అంటాం. పనికిరాని నేల అనే పేరు పెట్టాక దున్నడానికైనా, తవ్వడానికైనా ఎవరూ అడ్డు చెప్పరు. కలివికోడి కథ తెలిసిందే కదా! 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తర్వాత అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ కనిపించింది. పనికిరాదన్న ముళ్లపొదే దానికి ఇల్లు!

మిత్రులారా, మనలో జువాలజీ చదివేవాళ్లున్నారు, పల్లెల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. సెలవుల్లో మీ ఊరి బీడులో ఎన్ని జింకలు కనిపించాయో, ఏ తేదీన, ఏ చేలో మేశాయో నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ లెక్క జింకకూ సాక్ష్యమే, రైతుకూ సాక్ష్యమే. మంచి ఫోటో దొరికితే సంతోషం. దొరక్కపోయినా జింక మేత మానకుండా మనం వెనక్కి వచ్చామంటే ఆ ఉదయం వృథా పోనట్టే.