రెండు సెకన్ల సమీక్ష

2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైనప్పటి నుంచి ఫోన్ ట్యాపింగ్ మీద సాగుతున్న చర్చ చూస్తే విసుగు పుడుతోంది. ఎవరి ఫోన్ విన్నారు, ఎవరు వినమన్నారు, సిట్ ఎవరిని పిలిచి ఎన్ని గంటలు కూర్చోబెట్టింది? సాయంత్రమైతే చానళ్లలో ఇదే గోల. కాంగ్రెస్‌కు ఇది కేసీఆర్ పాపాల చిట్టా, బీఆర్ఎస్‌కు కక్షసాధింపు, బీజేపీకి సీబీఐని పిలిపించడానికో సందు. ముగ్గురూ తలెత్తి చూడని అంకె ఒకటుంది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో రాసిన మాట అది: కేంద్ర ప్రభుత్వపు ట్యాపింగ్ ఉత్తర్వులను పరిశీలించే సమీక్ష సంఘం రెండు నెలలకోసారి కూర్చుంటుంది, కూర్చున్న ప్రతిసారీ దాని ముందు 15,000 నుంచి 18,000 ఉత్తర్వులుంటాయి.

సంఘం పొద్దున కూర్చుని, మధ్యలో టీ కూడా తాగకుండా ఎనిమిది గంటలు పనిచేసిందనుకుందాం. ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లు కూడా దక్కవు. మనిషి పేరు చదివేలోపే ఫైలు మారిపోవాలి. ఈ దేశంలో ట్యాపింగ్‌కున్న కాపలా అంతా ఇదే. హోంశాఖ కార్యదర్శి సంతకం పెడతారు. ఆ సంతకం సబబేనా అని రాష్ట్రంలో చూసేది చీఫ్ సెక్రటరీ, న్యాయశాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. అందరూ ఒకే ప్రభుత్వం దగ్గర జీతం తీసుకునేవాళ్లు. దారిలో ఎక్కడా జడ్జి కనపడడు.

ఎల్లారెడ్డిలో ఒకరి ఇల్లు సోదా చెయ్యాలంటే పోలీసులు కోర్టుకు వెళ్లి వారెంటు తెచ్చుకోవాలి. అంత వ్యవధి లేకపోతే ఎందుకు తొందరపడ్డారో కాగితం మీద రాసి, కాపీ మేజిస్ట్రేటుకు పంపాలి. అదే మనిషి ఫోన్‌ను రెండు నెలలు, పొడిగిస్తే ఆరు నెలలు వినడానికి ఏ మేజిస్ట్రేటుకూ ముక్క రాయనక్కర్లేదు. ఇంట్లో బీరువాకున్న రక్షణ ఆ ఇంటివాళ్ల మాటకు లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు జడ్జిలు 9 మంది ఏకగ్రీవంగా చెప్పాక కూడా ఇదే పరిస్థితి.

ఇక కామారెడ్డి సంగతి. 2023 నవంబరులో అక్కడ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, పీసీసీ అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి ఒకే సీటుకు పోటీపడ్డారు. ఇద్దర్నీ కాదని జనం బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని 6,741 ఓట్లతో గెలిపించారు. ఆ ఎన్నికల రోజుల్లో ప్రతిపక్షాల వాళ్ల ఫోన్లు విన్నారనీ, అందుకు మావోయిస్టు సానుభూతిపరుల జాబితాను ముసుగుగా వాడుకున్నారనీ దర్యాప్తులో వచ్చిన ఆరోపణ. నిందితులు కాదంటున్నారు, తేల్చాల్సింది కోర్టు. నా ప్రశ్న అది కాదు. మావోయిస్టుల కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో పంపిన జాబితాలో నాయకుల నంబర్లు కలిసిపోతే, ఇలాంటి సమీక్షలో దాన్ని పట్టుకునేదెవరు?

ఫలితాలొచ్చిన మర్నాడు, డిసెంబరు 4 రాత్రి, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది మరో అభియోగం. మూసీలో ముక్కల కోసం వెతికిన దృశ్యాలు అందరూ చూశారు. రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చెయ్యమని నిబంధనలే చెబుతాయన్నది మాత్రం చర్చల్లో పెద్దగా వినపడదు. వినడానికి జడ్జి అక్కర్లేదు, చెరపడానికి చట్టమే సాకు ఇస్తుంది.

ఈ అధికారం ఇప్పుడున్న రూపం తీసుకున్నదే యుద్ధపు నీడలో. టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిదే గానీ, 5(2) సెక్షన్‌కు ఈ పదాలు వచ్చింది 1972 సవరణతో. బంగ్లాదేశ్ యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. దానికోసం పెట్టిన అత్యవసర పరిస్థితి 1977 మార్చి దాకా ఎత్తలేదు. సవరణ ఆ మధ్యలో పుట్టింది, దాని మాటలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. 'అత్యవసర పరిస్థితి', 'ప్రజాభద్రత' అంటే ఫైళ్లలో దాచుకునే రహస్యాలు కావు, ఇంగితమున్న ఏ మనిషికైనా కళ్లకు కనపడాలని 1996 డిసెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నవంబరులో కామారెడ్డి వీధిలో నిలబడ్డ మనిషికి ఏ అత్యవసర పరిస్థితి కనపడింది? ఫ్లెక్సీలు, డీజేలు తప్ప.

నిజంగా యుద్ధం జరుగుతున్నా ప్రశ్న ఆగక్కర్లేదు. యుద్ధమప్పుడు నాయకుణ్ని ప్రశ్నించొద్దనేవాళ్లు 1962 గుర్తు తెచ్చుకోవాలి. చైనా సైన్యం లోపలికొచ్చి కూర్చున్నప్పుడే పార్లమెంటును పిలవమని వాజ్‌పేయి అడిగారు. నెహ్రూ నవంబరు 8న పిలిచారు, సభలో తిట్లు తిన్నారు. అప్పటికే రక్షణ శాఖ కృష్ణమీనన్ చేజారింది. 2025 మేలో పాకిస్థాన్‌తో ఘర్షణ తర్వాత, హైదరాబాద్ సభలో రఫేల్ విమానాలు ఎన్ని కూలాయో చెప్పమని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి అడిగితే బీజేపీ విరుచుకుపడింది. అడిగే హక్కు ఆయనకుంది. అలా అడిగేవాళ్ల నంబర్లే ఇలాంటి జాబితాల్లోకి ముందు ఎక్కుతాయని ఆయనకు వేరే చెప్పాలా?

కొన్ని ఫోన్లు వినక తప్పదు, నిజమే. బాంబు పెట్టేవాడు వారెంటు కోసం ఆగడు. కానీ ఆ తొందరకు నిబంధనల్లో ఇప్పటికే వెసులుబాటుంది: ఐజీ స్థాయి అధికారి అనుమతితో మొదలుపెట్టి 7 పనిదినాల్లో ఆమోదం తెచ్చుకోవచ్చు. ఆ ఆమోదం కార్యదర్శి బదులు జడ్జి ఇస్తే ఆకాశమేం ఊడిపడదు. నిందితుణ్ని అర్ధరాత్రి మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్లి రిమాండు చేయించే పోలీసులకు ఇది చేతకాని పనా? అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే 1968 నుంచీ జడ్జి ఉత్తర్వు కావాలి, ఏటా ఎన్ని ఇచ్చారో కోర్టుల యంత్రాంగమే అచ్చేస్తుంది. అక్కడ ఏడాదికి వచ్చేది కొన్ని వేలు. మన సమీక్ష సంఘం ముందు ఒక్క సమావేశానికి ఉండేవే 15,000 నుంచి 18,000.

ఈ గొడవ ఒక పార్టీది కాదు. 1988లో కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి ట్యాపింగ్ వివాదంలోనే పోయింది. 2015లో ఓటుకు నోటు కేసు వేళ ఇదే ఆరోపణ ఏపీలో చంద్రబాబు ప్రభుత్వం కేసీఆర్ మీద చేసింది. 2023లో నెల్లూరు రూరల్‌లో అధికార పార్టీ ఎమ్మెల్యేనే తన ఫోన్ విన్నారన్నారు. సరే, కథలు బోలెడు. హార్డ్ డిస్కులు పగిలాయంటున్న ఆ డిసెంబరులోనే, 2023 టెలికాం చట్టం పార్లమెంటులో పాసైంది. పాత 5(2) కొత్త చట్టంలో 20(2) అయి కూర్చుంది. జడ్జి అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఊళ్లలో జనం తమ ఏర్పాటు తాము చేసుకున్నారు. కామారెడ్డి పల్లెల్లో రాజకీయం మాట్లాడాల్సొస్తే 'నార్మల్ కాల్ వద్దన్నా, వాట్సాప్‌ల చెయ్' అంటున్నారు. వార్డు మెంబరు సీటు బేరానికి కూడా ఇదే జాగ్రత్త. నవ్వుకోవాల్సిన విషయం కాదిది.

నేరస్థులను శిక్షించండి, ఎవరూ అడ్డం పడరు. కానీ ట్యాపింగ్ బాధితులమని చెప్పి గద్దెనెక్కినవాళ్లు ఆ యంత్రాన్ని అలాగే ఉంచుకుని, తిప్పే చేతుల మీద మాత్రం కేసు పెట్టడం ఏ న్యాయం? పేర్లు వద్దు, ఫైళ్లు వద్దు. ఈ ప్రభుత్వం గద్దెనెక్కిన 2023 డిసెంబరు 7 నుంచి రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులమీద సంతకం పెట్టారు? సమీక్ష సంఘం ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్నింటిని కొట్టేసింది? అసెంబ్లీలో ఒక్క ప్రశ్నతో తేలే సంగతి. దీనికి సిట్ అక్కర్లేదు. కామారెడ్డి ఎమ్మెల్యే అడగొచ్చు, ఆయనది ప్రతిపక్షమే. అయితే అదే ప్రశ్న ఢిల్లీలో ఆయన పార్టీ ప్రభుత్వాన్నీ అడగాల్సొస్తుంది. ఎల్లారెడ్డి ఎమ్మెల్యే మదన్‌మోహన్ రావు అడగొచ్చు. జవాబు చెప్పాల్సింది ఆయన పార్టీ ముఖ్యమంత్రే, హోంశాఖ కూడా ఆ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది.