దుమ్ము చాటు లెక్క

మొన్న నైట్ డ్యూటీలో దుమ్ముగాలి లేచి క్రేన్ ఆపేశాం. టీ తాగుతూ నేను ఫోన్లో నక్షత్రాల గురించి చదువుతుంటే, జగిత్యాల నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ తమ్ముడు తొంగిచూసి అడిగాడు: "సుక్కలు ఎప్పుడు పుట్టినయో లెక్కగడితే మనకేమొస్తదన్నా?"

"మనకెందుకు" అనే మాట నాకు నచ్చదు. ఈ లెక్కయితే సైట్లో పనిచేసే మనకే ముందు అర్థం కావాలి.

దూరంగా ఉన్న గెలాక్సీ నుంచి వెలుగు రావడానికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే మనం చూసేది పాత రోజుల రిజిస్టరు. 1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోపు సప్తర్షి మండలంలోని ఓ చిన్న చీకటి ముక్కను పది రోజులు చూస్తే, దాదాపు 3000 గెలాక్సీలు కనిపించాయి. భారీ నక్షత్రాలు అతినీలలోహిత కాంతి ఎక్కువగా చిమ్మి త్వరగా ఆరిపోతాయి. కాబట్టి ఆ కాంతి ఎంతుంటే, కొత్త నక్షత్రాల పని అంత జోరుగా సాగుతోందన్నమాట. దూరం నుంచి వెల్డింగ్ మెరుపులు చూసి ఎంతమంది పనిలో ఉన్నారో అంచనా వేసినట్టే. 1996లో పియరో మదావ్ బృందం అలాగే లెక్కకట్టింది. ఇది కనీస లెక్క మాత్రమేనని అప్పుడే రాసుకున్నారు కూడా.

ఎందుకంటే నక్షత్రాలు పుట్టేదే దుమ్ములో. ఆ దుమ్ము కాంతిని మింగి, వేడెక్కి, కంటికి కనపడని పరారుణ కాంతిగా వదులుతుంది. 1998లో హవాయిలోని ఓ టెలిస్కోపుకు అమర్చిన స్కూబా కెమెరా అదే చీకటి ముక్కను చూసి, హబుల్ లెక్కకు అందని నక్షత్రాల పుట్టుకను పట్టుకుంది. తర్వాత స్పిట్జర్, హెర్షెల్ టెలిస్కోపులూ దుమ్ము చాటు వెలుగును కొలిచాయి. 2014లో మదావ్, మార్క్ డికిన్సన్ కలిసి లెక్క మళ్లీ రాశారు. విశ్వం పుట్టిన 350 కోట్ల ఏళ్లకు పని మంచి రద్దీలో ఉంది, ఇప్పటికంటే దాదాపు తొమ్మిది రెట్లు. ఆ రద్దీ కాలపు వెలుగులో ఎక్కువ భాగం దుమ్ము మింగిందే! 2022 నుంచి జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూస్తుంటే, రిజిస్టరు మొదటి పేజీలు ఇంకా దిద్దాల్సి వస్తోంది.

గల్ఫ్‌లో నా మొదటి కంపెనీలో డైలీ రిపోర్టుకు ఎక్కేది పోసిన కాంక్రీటు ఒక్కటే. రాత్రంతా గుంటలో నీళ్లు తోడినవాళ్ల గంటలు, క్యూరింగ్ చేసినవాళ్ల గంటలు అందులో లేవు. నెలాఖరుకి వాళ్ల ఓవర్‌టైం పోయింది. ఆ షీటు మీద సంతకం నాదే. ఇది కనీస లెక్కేనని ఒక్క ముక్క రాయాలని కూడా నాకు తోచలేదు. డిప్లొమాలో కొలతలు నేర్చుకున్నవాణ్ణి మరి!

ఇప్పటి సైట్లో నా షీటులో ఆ గంటలకు విడిగా ఒక కాలమ్ గీశాను. ఇదెందుకని క్లయింటు ఇంజనీరు రెండుసార్లు అడిగాడు. తీయలేదు.