లెక్కలో లేనివారికి వాటా ఎక్కడిది?

2024 నవంబరులో ఇంటింటి సర్వే సిబ్బంది గండిమైసమ్మకు వచ్చినప్పుడు మా వీధిలో కొన్ని తలుపులు సగమే తెరుచుకున్నాయి. "మౌల్వీసాబ్, ఈ కాగితాలు రేపు మన మీదికే వస్తాయేమో!" అన్నారొక పెద్దాయన. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2019, 2020లలో పౌరసత్వ వివాదాన్ని చూసినవాళ్లం. అయినా లెక్కకు దూరంగా ఉంటే నష్టపోయేది ఎవరు?

సోదరులారా, మన అనుభవమే చూడండి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు కొట్టివేసింది. 2005 నాటి చట్టమూ నిలవలేదు. తర్వాత పి.ఎస్. కృష్ణన్ గారు మనలోని వర్గాల వృత్తులు, స్థితిగతులు పరిశీలించి నివేదిక ఇచ్చారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారిని మినహాయించి 14 వర్గాలకు 4 శాతం ఇస్తూ 2007లో చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ తోసిపుచ్చినా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది.

ముస్లిం పిల్లలందరూ మదర్సాలకే పోతారన్న అపోహను కూడా లెక్కలే తొలగించాయి. అలా చదివేవారు నూటికి నలుగురికి మించరని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మిగతావారికి కావలసింది మంచి బడి అని అప్పుడు అందరికీ అర్థమైంది.

నివేదిక రాగానే న్యాయం జరిగిపోదు. సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 2017లో శాసనసభ ఆమోదించిన 12 శాతం బిల్లుకు కేంద్రం సమ్మతి దొరకలేదు. కానీ నివేదికే లేకపోతే అడగడానికి ఆధారం కూడా ఉండదు.

మదీనాలో ముస్లింల పేర్లు రాయించినది దైవప్రవక్త (స) వారే. భృతి అందరికీ అందాలని హజ్రత్ ఉమర్ (రజి) దివాన్ పేరిట పట్టికలు పెట్టించారు. లెక్క మనకు కొత్త కాదు.

2024 సర్వే ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీలు 10.08 శాతం. 2027 జనగణనలో కులం కూడా నమోదవుతుంది. 1948 జనగణన చట్టం ప్రకారం మనం చెప్పిన వివరాలు గోప్యంగా ఉంటాయి, కోర్టులో మనపై సాక్ష్యంగా చెల్లవు.

హజ్జాం, ధోబీ, కసాయి అని చెప్పుకోవడం నామోషీ అనుకుని సయ్యద్ అని రాయించకండి. హలాల్ కష్టంలో సిగ్గు లేదు. బిడ్డ చదువు ఏడో తరగతిలో ఆగిపోతే ఆగిందనే చెప్పండి. సాక్ష్యం దాచడం పాపమని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. మన పిల్లల గురించి మనం ఇచ్చే సాక్ష్యం ఇదే. ఇమాములు ఈ మాట జుమా ప్రసంగంలో చెబితే మేలు. అల్లాహ్ మనకు సత్యం పలికే ధైర్యాన్ని ప్రసాదించుగాక, ఆమీన్.