శాలువ తరువాత, ముందు బూట్లు!

మన బిడ్డలకు చాతగాదన్నరు. చదువుల వెనుక, ఆటల వెనుక అన్నరు. ఆ మాటకు పదమూడేండ్ల బిడ్డ జవాబు చెప్పింది.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతూ 2014 మే 25న 8,848 మీటర్ల ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా బిడ్డ ఆనంద్ కూడా ఎక్కిండు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది ఆ తరువాత ఎనిమిది రోజులకు.

ఆమె తొలి శిక్షణ ఎక్కడ? మన ఉమ్మడి నల్లగొండ జిల్లా భువనగిరి గుట్ట మీద! ఆ గుట్ట కొత్తగా మొలిచిందా? తరతరాలుగా అక్కడే ఉన్నది. లేనిదల్లా తాడు, గురువు, నమ్మకం. ఆ మూడు దొరికినంక కూలీ బిడ్డకు హిమాలయం తలవంచింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బిడ్డలకూ కావాల్సింది అదే. ప్రతి సర్కారు బడికి ఆటస్థలం, వ్యాయామ ఉపాధ్యాయుడు, కడుపునిండ బలమైన తిండి. నాయకులారా, గెలిచినంక శాలువ కప్పుడు గొప్ప గాదు. గెలవకముందే బూట్లు కొనియ్యాలె!

విద్యార్థులారా, ఉద్యోగులారా, గట్టిగ అడుగుదాం. రాష్ట్రం కొట్లాడి తెచ్చుకున్నం. మన బిడ్డల వాటా బతిమాలి తీసుకునుడు ఏంది?